కడప బండ రంగు జాడీ

ఖాదర్ మొహిద్దీన్‌కు కుండల పిచ్చి పట్టిందని మొట్టమొదట కనిపెట్టింది ఆయన భార్య షంషాద్ బీ. కనిపెట్టకేం చేస్తుంది! వంటింట్లో పప్పు డబ్బాలు పెట్టుకునే అర ఉన్నట్టుండి ఖాళీ అయింది. డబ్బాలు మంచం కిందికి పోయాయి. అరలోకి వంకర మూతుల గిన్నెలు, ఒక పక్కకు ఒరిగిన కూజాలు, పిడి లేని కప్పులు వచ్చి కూర్చున్నాయి. వాటిలో నీళ్లు పోయకూడదు, ఉప్పు పోయకూడదు, ఆడవాళ్లు ముట్టుకోకూడదు. తుడిచేదీ ఆయనే, జరిపేదీ ఆయనే, జరిపింది నచ్చక మళ్లీ జరిపేదీ ఆయనే.

"అజీ, ఇవి తాగేదానికి పనికిరావు, వండేదానికి పనికిరావు. ఇంతకూ ఇవి సామాన్లా, మీ తరపు చుట్టాలా?" అనేది షంషాద్ బీ.

ఆయన విననట్టు ఇంకో గిన్నె జరిపేవాడు. మనిషి నిజానికి కుండల వాడు కాదు, గాజుల వ్యాపారి. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కాస్త ఇవతల అంగడి. వారంలో సగం రోజులు అంగట్లో ఉంటాడు, మిగతా సగం గాజుల మలారం భుజానికి తగిలించుకొని పల్లెలు తిరుగుతాడు. అంగట్లో ఒక మూల కప్పులూ సాసర్లూ కూడా అమ్మేవాడు. కర్నూలు రాజధాని అయ్యి, ఊరి బయట గుడారాల్లో ఆఫీసులు వెలిశాక ఆ మూలకు గిరాకీ పెరిగింది. మద్రాసు నుంచి దిగిన ఆఫీసర్ల భార్యలకు ఇక్కడి ఎండ పడలేదు, నీళ్లు పడలేదు గానీ టీ మాత్రం బాగా పడింది.

ఈ పిచ్చికి మూలం లాజరు. రాజధాని మాట ఇంకా పుట్టకముందే తుంగభద్ర ఒడ్డున చిన్న బట్టీ పెట్టుకున్న మనిషి. మద్రాసులో బొమ్మల బడిలో చదివి వచ్చాడు. మట్టికి రంగు నీళ్లు పూసి, కాల్చి, పింగాణీలాగా నిగనిగలాడే గిన్నెలు చేసేవాడు. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండేది కాదు. ప్రతిదాని అడుగునా పచ్చిమీద తన బొటనవేలు ఒత్తేవాడు. ఊళ్లో వాళ్లు చూసి, కుమ్మరోడి చెయ్యి పడిపోయిందా అని నవ్వేవారు. లాజరు కొన్ని సరుకులు తెచ్చి ఖాదర్ అంగట్లో పెట్టాడు. ఖాదర్ కూడా నవ్వినవాళ్లలో ఒకడే. చివరికి లాజరు బట్టీ ఆర్పేసి, బెంగుళూరు వైపు ఏదో కార్ఖానాలో కరెంటు స్తంభాలకు బిగించే పింగాణీలు చేసే పనికి పోయాడు.

అతను పోయిన ఏడాదికి కాబోలు, అంగట్లో కప్పులన్నీ అమ్ముడుపోయి టీ పోసుకునేందుకు ఒక్కటీ మిగల్లేదు. ఖాదర్ విసుక్కుంటూ లాజరు కప్పు ఒకటి దుమ్ము దులిపి అందులో పోసుకున్నాడు. టీ అయిపోయింది. కప్పు కింద పెట్టబుద్ధి కాలేదు. ఆడపిల్ల చెయ్యి ఇలా పట్టుకొని అలా నొక్కి ఏ కొలత గాజు ఎక్కుతుందో చెప్పగల చెయ్యి ఆయనది. ఆ చేతిలో ఆ కప్పు తనంతట తానే సర్దుకొని కూర్చుంది. గిరాకీలు వచ్చి నిలబడి, పిలిచి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఆ రోజుతో మొదలు. తను ఎవరెవరికి అమ్మాడో, లాజరు ఎవరెవరికి ఊరికే ఇచ్చాడో ఆరా తీస్తూ బయల్దేరాడు. వెల్దుర్తిలో ఒక గిన్నె కోళ్లకు నీళ్లు పెడుతూ దొరికింది. కొత్త ఇనప బేసిన్ ఇచ్చి తెచ్చుకున్నాడు. ఆ ఇంటావిడ, సాయిబుకు ఎండదెబ్బ తగిలిందని జాలిపడి మజ్జిగ కూడా ఇచ్చింది. ఇంకోటి సున్నం కలుపుకుంటూ దొరికింది. ఎక్కడ దొరికినా రెండు రోజులే ఆనందం. మూడో రోజుకు మళ్లీ కాలుగాలిన పిల్లిలా తిరగడమే.

అట్లాంటి సమయంలో లాజరు ఏదో పెళ్లికి కర్నూలు వచ్చాడు. ఖాదర్ అతణ్ణి రెక్క పట్టుకొని ఇంటికి తెచ్చి అర ముందు నిలబెట్టాడు. లాజరు తన గిన్నెల్ని తానే ఎవరివో అన్నట్టు చూశాడు. చూసి చూసి ఒకే మాట అడిగాడు.

"పొడుగు జాడీ యాడ ఖాదర్ బాయి? కడప బండ తడిస్తే ఉంటాదే, ఆ రంగుది?"

ఖాదర్ అరలో ఒక గిన్నెను అటు జరిపి ఇటు జరిపాడు. ఆ జాడీ ఆయనే అమ్మాడు.

"నేను అనుకున్యేది అనుకున్యట్టు వచ్చింది అదొక్కటే," అన్నాడు లాజరు. "మళ్లీ ఎంత ఏడ్చినా ఆ రంగు రాలా. మంట కొంచెం తక్కువైనప్పుడే ఆ రంగొస్తాది. అందుకే అది మెతక. ఉప్పూ పులుపూ తగిల్తే పైపూత పొక్కులు లేసి రాలిపోతాది. ఊరగాయ పెట్టొద్దని చెప్పే అమ్మినావు గదా?"

చెప్పి అమ్మడమా! "ఊరగాయకు దీన్ని మించింది లేదమ్మా" అని తన నోటితో తానే పొగిడి అమ్మాడు. ఎవరికి అమ్మాడో కూడా గుర్తుంది. గాజుల అంగడికి గాజుల్లేని చేతులతో వచ్చింది ఆవిడ ఒక్కతే. కోడుమూరు రామసుబ్బమ్మకు అక్క, నాగలక్ష్మమ్మ. చిన్నప్పుడే మొగుడు పోయి చెల్లెలి ఇంట్లోనే ఉండేది. చెల్లెలు గాజులు తొడిగించుకుంటుంటే ఆవిడ ఆ జాడీని చంకన పెట్టుకొని పోయింది.

ఖాదర్ మర్నాడే కోడుమూరు బస్సెక్కాడు. బస్సు దారిలో రెండుసార్లు ఆగితే రెండుసార్లూ దిగి, డ్రైవరు కంటే ముందు ఇంజను దగ్గర నిలబడ్డాడు.

రామసుబ్బమ్మ యాభై దాటిన మనిషి. పిల్లల్లేరు. భర్త తిమ్మయ్య పొద్దున చేను మీదికి పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. ఖాదర్‌ను చూసి ఆమె మలారం కోసం వెతికింది.

"ఏమప్పా సాయిబూ, వట్టి చేతులతో వస్తివి?"

"గాజులకు రాలేదమ్మా. మీ అక్క కొన్న జాడీ ఉండాది చూడు, దాన్ని ఒకసారి చూసిపోదామని."

"మా అక్క పోయిందప్పా. రెండో ఏడు నడస్తాంది."

ఖాదర్ "అయ్యో" అన్నాడు. అన్నాడే గానీ కళ్లు ఆమె భుజం మీదుగా సామాన్ల గది వైపే పోయాయి. ఆమె తలుపు తీసింది. గడప ఇవతల నిలబడి చూశాడు. మసక వెలుతుర్లో, ఎత్తుగా, సన్నటి మెడతో, భుజాలు గుండ్రంగా తిరిగి నిలబడి ఉంది జాడీ. తడిసిన కడప బండ రంగే. మెడకు గుడ్డ కట్టి ఉంది. భుజం మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది.

ఆ తెలుపు చూడగానే ఆయనకు ఒంట్లో జెర్రులు పాకినట్టయింది.

"దాంట్లో ఏముండాదమ్మా?"

"చింతకాయ తొక్కు. పాతది. బాలింతలకు, జరమొచ్చి నోరు చచ్చినోళ్లకు ఇస్తాం."

ఆయన బతిమాలాడు. దాని బదులు రెండు పెద్ద పింగాణీ జాడీలు, మద్రాసువి, మూతలతో సహా తెచ్చి ఇస్తానన్నాడు. ఎంత దుడ్లు అడిగినా ఇస్తానన్నాడు. రామసుబ్బమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"పాత తొక్కును జాడీ మారిస్తే చెడిపోతాదప్పా, నీకు తెలీదా? స్నానం చేసి, చెయ్యారినాక తప్ప నేనే ముట్టుకోను. అయిపోయినాక తీసుకపో. దుడ్లు గిడ్లు ఏమొద్దు. మాటిస్తాండా."

"ఎప్పుడైపోతాదమ్మా?"

"నాలుగైదేండ్లు వస్తాదిలే, నిదానంగా వాడుకుంటే."

నాలుగైదేండ్లు! అప్పటికి ఆ పూత ఉంటుందా? ఖాదర్ తిరుగు బస్సులో కూర్చోలేక నిలబడే వచ్చాడు, సీట్లు ఖాళీగా ఉన్నా.

పది రోజులు తిండి సహించలేదు. అంగట్లో కూర్చుంటే ఎక్కడో దూరంగా ఒక చీకటి గదిలో ఉప్పు పని చేసుకుపోతున్న చప్పుడు తనకు వినిపిస్తున్నట్టుండేది. ఒక పెళ్లికూతురికి గాజులు తొడుగుతూ కొలత తప్పి రెండు పగలగొట్టాడు. పెళ్లివాళ్లు అపశకునమని గోల చేశారు. ఆయన జీవితంలో అట్లాంటిది ఎన్నడూ జరగలేదు. ఆ గోలలోనే పెళ్లికూతురి అక్క, నిండు చూలాలు, తన చెయ్యి ముందుకు చాచింది, నాకూ తొడుగన్నా అని. ఆ చెయ్యి పట్టుకోగానే ఖాదర్ బుర్రలో దీపం వెలిగింది.

ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ ఆడమనిషి కడుపుతో ఉందో, ఎన్నో నెలో, గాజుల సాయిబుకు తెలిసినంత మంత్రసానికి కూడా తెలియదు. చూలాలికి గాజులు తొడిగేది ఆయనే కదా! ఇక చూసుకోండి. కృష్ణగిరి, గూడూరు, పత్తికొండ దారి పల్లెలు, ఎక్కడ గాజులు తొడిగినా చెవిలో ఒక మాట కూడా వేశాడు.

"కానుపైనాక నోటికి ఏమీ రుచించదు తల్లీ. కోడుమూరు రామసుబ్బమ్మ దగ్గర పాత చింతకాయ తొక్కు ఉండాది. ఎవురినన్నా పంపియ్యి. లేదనే మనిషి కాదు. గాజుల ఖాదర్ చెప్పినాడని చెప్పు."

జనం పోయారు. నడిచి పోయారు, బండ్లు కట్టుకొని పోయారు. బాలింతల తల్లులు పోయారు, అత్తలు పోయారు. ఇంకా కానుపు కానివాళ్లు ముందుజాగ్రత్తగా పోయారు. చలిజ్వరాల కాలం వచ్చేసరికి ఖాదర్ మగవాళ్లను కూడా పంపడం మొదలుపెట్టాడు. ఆయన చెల్లెలు గుల్షన్ బీని కోడుమూరులోనే ఇచ్చారు. ఎప్పుడు కలిసినా ఆమెను అడిగే మొదటి మాట, పిల్లలు బాగున్నారా అని కాదు, రామసుబ్బమ్మ ఇంటికి ఈ వారం ఎంతమంది వచ్చారని.

"ఏం మాయో గానీ అన్నా, ఆ యమ్మ వాకిలి తిరణాల మాదిరుండాది," అంది గుల్షన్ బీ ఒకసారి. ఖాదర్ ఆ రోజు పలావు రెండోసారి పెట్టించుకున్నాడు.

మధ్యలో తను కూడా గాజుల వంకతో పోయి వచ్చేవాడు. గడప ఇవతల నిలబడి తొంగిచూసేవాడు. ఉప్పు భుజం దిగి నడుము దాకా పూసింది. ఒకసారి పప్పుబద్దంత పూత రేకు రాలి కింద పడి ఉంటే దాన్ని తెచ్చి కాగితంలో చుట్టి అరలో పెట్టాడు. షంషాద్ బీ ఆ పొట్లం విప్పి, చూసి, మళ్లీ చుట్టి పెట్టేసింది. 

అట్లా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. వాన పేరుకే లెండి. దీపావళి దాటాక గుల్షన్ బీ మనిషి చేత కబురంపింది. తొక్కు అయిపోయింది, వచ్చి జాడీ తీసుకపొమ్మంది రామసుబ్బమ్మ.

ఖాదర్ మెత్తటి పాత దుప్పటి, గడ్డి నింపిన గంప తీసుకొని బస్సెక్కాడు. అరలో మధ్యన చోటు అప్పటికే చేసి ఉంచాడు. బస్సులో పక్కనున్నవాళ్లు పలకరిస్తే పెళ్లికి పోతున్నవాడిలా నవ్వాడు.

రామసుబ్బమ్మ జాడీని వసారాలోకి తెచ్చి పెట్టి ఉంచింది. ఎండలో దాన్ని చూడటం ఆయనకు ఇదే మొదలు. కిందివైపు పూత అక్కడక్కడ లేచింది, అంతే. పైన పూసిన ఉప్పును వేలితో తుడిచి చూస్తే భుజాలు, మెడ చెక్కుచెదరలేదు. నల్లటి నీలంలో లోపలెక్కడో ఆకుపచ్చ కదులుతోంది. దక్కింది, ఇంకొక్క ఏడాదైతే దక్కేది కాదు అనుకున్నాడు. 

"నేను కడగలేదప్పా," అంది రామసుబ్బమ్మ. "కడిగేదానికి నాకు చేతులు రాలా. ఇంటికి పొయ్యి నువ్వే కడుక్కో."

అప్పుడు చూశాడు ఆమె మొఖం. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మొఖం.

"ఏమైందమ్మా?"

"ఏముండాదిలే. అది మా అక్క దంచిన తొక్కు. జాడీ కొనుక్కొచ్చిన ఏడు పుష్యమాసంలో రోట్లో ఏసి తానే దంచింది, నన్ను రోకలి పట్టనీలా. ఆ ఎండాకాలమే పాయ. నన్ను పెంచింది ఆ యమ్మే గదా, అమ్మ మొగం నాకు తెలీదు. దినామూ గోరంత తీసుకొని అన్నంలో కలుపుకుంటాంటి. ఆ పూటకు అక్క పక్కన కూసున్నట్టుంటాండె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బాలింతలు అడిగితే లేదనొద్దని అక్కే చెప్పింది. ఉండి లేదంటే పాపం. ఈ యేడు ఎంతమంది వచ్చిరప్పా! అందురూ నీ పేరే చెప్పిరి. పోనీలే, మా అక్క చేతి తొక్కు అన్ని ఇండ్లలో తినిరి. ఎవరికో బిడ్డ పుడితే గాజుల సాయిబుకు ఎందుకప్పా అంత ఆరాటం? నువ్వు పుణ్యాత్మునివి. అందుకే మాట తప్పకుండా పిలిపిస్తి."

ఖాదర్‌కు నిలబడిన చోట నేల కాలింది. పుణ్యాత్ముడట! ఆ మాట వినకుండా జాడీ ఎత్తుకొని పరిగెత్తుదామనిపించింది. దుప్పటి పరిచాడు, మడిచాడు, మళ్లీ పరిచాడు. నోరు మూసుకుంటే సరిపోయేది. ఆ మనిషికి సంతోషం మిగిలేది, ఈ మనిషికి జాడీ మిగిలేది. కానీ నోరు ఊరుకోలేదు.

"బాలింతల కోసరం కాదమ్మా. జాడీ కోసరం. తొందరగా అయిపోతే తీసుకపోదామని నేనే ఊరూరా చెప్పి పంపిస్తి."

 రామసుబ్బమ్మ జాడీ దగ్గరికి వచ్చి, వంగి, దాన్ని ఇటువైపు అటువైపు చూసింది. అందులో ఏముందని ఇంత పని చేశాడో కనుక్కోవాలని చూస్తున్నట్టు చూసింది.

"నాకేమీ కనపడలేదప్పా," అంది చివరికి. "తీసుకపో. మాటిచ్చినా గదా."

ఖాదర్ వంగి జాడీని రెండు చేతులతో ఎత్తాడు. ఎత్తగానే తేడా తెలిసింది. ఖాళీ జాడీ బరువు కాదది. ఎండకు వంచి లోపలికి చూశాడు. అడుగు ఖాళీ. గోడలు ఖాళీ. కానీ సన్నటి మెడ దాటాక గుండ్రంగా తిరిగే భుజాల లోపలివైపు, పైన, చుట్టూతా మందంగా, నల్లగా తొక్కు పట్టుకొని ఉంది.

"అమ్మా, ఈడ ఉండాది! శానా ఉండాది!"

రామసుబ్బమ్మ ఒక్క అంగలో వచ్చింది. చూసింది. కాళ్లూ చేతులూ కడుక్కొని, తుడుచుకొని, ఆరబెట్టుకొని వచ్చి చెయ్యి పెట్టబోయింది. గాజులు మెడకు తట్టుకున్నాయి. ఖాదర్ ఆమె చెయ్యి పట్టుకోకుండానే నోటితో చెప్పి గాజులు తీయించాడు. అయినా అరచెయ్యి దాటి దిగలేదు. గరిటె పెడితే భుజం వంపులోకి అందలేదు. వంకర చెంచా పెట్టింది. అదీ అందలేదు. ఆయన చెయ్యి సన్నం, గాజులోడి చెయ్యి, దూరుతుంది. అలవాటుగా ముందుకు చాచాడు.

"వద్దప్పా, వద్దు!" అని అరిచింది ఆమె. "నీ చెయ్యి తగిల్తే నేను తినలేను. తప్పుగా అనుకోవద్దు. అక్కున్యప్పుడు గూడా అంతే."

"నీళ్లు పోసి తిప్పితే?"

"నీళ్లు తగిలిన తొక్కు బతకదు."

ఇద్దరూ జాడీకి చెరో పక్క నిలబడ్డారు. ఖాదర్ వసారా చివరి దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు. ఉపాయం లేదని తెలుసు. ఒకటే ఉందని కూడా తెలుసు, దాన్ని తలుచుకోవడం ఇష్టంలేక నడుస్తున్నాడు. లాజరు మళ్లీ చేయలేనన్నది గుర్తొచ్చింది. ఇంట్లో అరలో ఖాళీ చోటు కళ్ల ముందు కనిపించింది. ఇంకెవరైనా అయితే తీసుకపొమ్మన్నారు గదా అని తీసుకుపోయేవాళ్లే.

"అమ్మా, ఉతికిన గుడ్డ ఒకటి పరుచు," అన్నాడు. "బోర్లించి పట్టుకో. నువ్వే పట్టుకో. గట్టిగా."

ఆమె గుడ్డ పరిచి జాడీని బోర్లించి పట్టుకుంది. ఎందుకో అర్థమయ్యేలోపు ఆయన రోటి దగ్గరున్న చిన్న రాయి తీసుకున్నాడు. భుజాల జోలికి పోకుండా, ఉప్పు తిని మెతకబడిన నడుము చుట్టూ వేళ్లతో తడిమి, ఒకేచోట, గాజు మొన విరిచేటంత నిదానంగా కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి జాడీ నడుము దగ్గర రెండుగా విడిపోయింది. అడుగు భాగం బొటనవేలి ముద్రతో సహా జారి, వసారా బండల మీద పడి ముక్కలైంది. ఆ చప్పుడుకు ఖాదర్ కళ్లు మూసుకున్నాడు.

భుజాలు మాత్రం గుడ్డ మీద గిన్నెలాగా నిలిచాయి, లోపల తొక్కుతో.

రామసుబ్బమ్మ చెంచాతో మెల్లగా గీకింది. చిన్న పింగాణీ గిన్నె నిండింది. గీకడం అయ్యాక గోరంత తీసి నాలుక మీద పెట్టుకొని కళ్లు మూసుకుంది.  "అక్కా" అంది, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఖాదర్ మొహిద్దీన్ ఆమెను చూడలేక ముక్కల వైపు తిరిగాడు. ముక్కల్ని చూడలేక మళ్లీ ఆమె వైపు తిరిగాడు.